మత్తు డాక్టరమ్మ రొయ్యలు

పోయిన మంగళవారం సిటీ వాళ్ల దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. మా వీధిలో నీటి గొట్టాలు శుభ్రం చేస్తారట, రెండు మూడు రోజులు నీళ్లలో క్లోరిన్ వాసన ఎక్కువగా ఉండొచ్చట, కంగారు పడనక్కర్లేదట. అది చదువుతూనే ఫోన్ తీసి ‘డాక్టరమ్మ’ అన్న పేరు దాకా వెళ్లాను. ఆవిడ పోయి పద్నాలుగు నెలలైందన్న సంగతి, వేలు ఆ పేరు మీద ఆగాక గానీ గుర్తు రాలేదు.

ఇలాంటి కాగితం వస్తే ఆవిడ ఏం చేసేవారో నాకు తెలుసు. ముందు రోజే ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ క్యాన్లన్నీ నింపి, వంటింటి గట్టు మీద వరసగా పెట్టి, ఒక్కోదాని మీద టేపు ముక్క అంటించి తేదీ రాసేవారు. తర్వాత వచ్చి నా తలుపు కొట్టి, నేను కూడా పట్టుకున్నానో లేదో కనుక్కునేవారు. ఆ నీళ్లు తాగడానికి కాదు. రొయ్యలకి.

డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో మేముండే కాండో అపార్ట్‌మెంట్లలో, రెండో అంతస్తులో, నా తలుపుకి ఎదురు తలుపు ఆవిడది. గుంటూరులో డాక్టరు చదువు చదివి, డెట్రాయిట్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ముప్పై ఆరేళ్లు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయిన మనిషి. దూరాన ఎడిసన్ అనే ఊళ్లో ఒక మేనల్లుడున్నాడు. అంతకు మించి ఆవిడ చరిత్ర నాకు తెలియదు. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

నాకు ఇక్కడ ఒక కంపెనీలో కార్ల సీట్లు ముందుకీ వెనక్కీ జరిపే మోటార్లు టెస్ట్ చేసే ఉద్యోగం. మా ఆయనకి దూరాన బాతెల్ అనే ఊళ్లో ఉద్యోగం. వీసా కాగితాలు ఒక కొలిక్కి వచ్చేదాకా ఇద్దరం చెరో ఊళ్లో ఉండాలనుకున్నాం. అలా ఒంటరిగా దిగిన మొదటి వారంలో, వరండాలో ఎదురుపడ్డ ఆవిడని అందరినీ పిలిచినట్టే ఆంటీ అన్నాను. ఆంటీ వద్దన్నారు. ఈ ఊళ్లో ఆ పేరుతో వందమంది ఉన్నారని, గుడిలో ఎవరైనా ఆంటీ అంటే అందరూ వెనక్కి తిరుగుతారని చెప్పారు. మా కరీంనగర్ అలవాటు ప్రకారం డాక్టరమ్మ అన్నాను. దానికి ఒప్పుకున్నారు.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు కాఫీ ఇవ్వలేదు, ఫొటోలు చూపించలేదు. హాల్లో కిటికీ పక్కనున్న గాజు తొట్టి ముందు ఒక పొట్టి ప్లాస్టిక్ స్టూలు వేసి కూర్చోమన్నారు.

“చేతులు వెనక్కి పెట్టుకో” అన్నారు.

నాకు నవ్వొచ్చింది గానీ పెట్టుకున్నాను. తొట్టిలో నాచు, రెండు చెట్టు కొమ్మలు, నానిన ఎండుటాకులు, ఓ మూల బుడగలు వదులుతున్న స్పాంజి తప్ప ఏమీ లేవు. ఖాళీ తొట్టి ముందు ఎందుకు కూర్చోబెట్టారో తెలియక ఆవిడ వైపు చూశాను. ఆవిడ తొట్టినే చూస్తున్నారు. కాసేపటికి ఒక ఆకు అంచు మీద ఏదో కదిలింది. మిరపపండు రంగులో, వేలి గోరంత రొయ్య. ముందుకాళ్లతో ఆకుని గిల్లి గిల్లి నోట్లో పెట్టుకుంటోంది. దాన్ని చూశాక పక్కన ఇంకోటి కనిపించింది, ఆ పైన కొమ్మ మీద నాలుగు, నాచులో పది. తొట్టి నిండా అవే. మొదటి ఐదు నిమిషాలు ఎవరికీ ఏమీ కనపడదని, ఆ ఐదు నిమిషాలు కూర్చోలేనివాళ్లు తొట్టి ఖాళీగా ఉందనుకుని వెళ్లిపోతారని అప్పుడు చెప్పారు.

రిటైరయిన ఏడాది ఎవరో ఆవిడకి చేపల తొట్టి బహుమతిగా ఇచ్చారట. చేపలు నచ్చలేదట. మనిషి కనిపించగానే తిండి కోసం పైకి ఎగబడతాయి, ఆ ఆర్భాటం నాకు పడదు అనేవారు. ఆ చేపలు ఎవరికో ఇచ్చేసి రొయ్యలు తెచ్చుకున్నారు. వీటికి మనతో పనిలేదు, వీటి నీళ్లు బాగుంటే చాలు అనేవారు.

ఇంటికొచ్చిన తెలుగువాళ్లందరూ ఒకటే హాస్యం ఆడేవారు, వేపుడు ఎప్పుడని. ఆవిడ నవ్వకుండా, అన్నీ కలిపినా గరిటెడు కావని లెక్క చెప్పేవారు. అలాగని రొయ్యలు తినడం మానలేదు. ఆదివారం ఆవిడ చేసే రొయ్యల ఇగురు వాసన మెట్ల దాకా వచ్చేది. తొట్టికి పది అడుగుల దూరంలో కూర్చుని ఇద్దరం తినేవాళ్లం. ఇదేం న్యాయమని ఒకసారి అడిగాను. ఆవిడ కంచంలోంచి తలెత్తి ఆలోచించి చెప్పారు. “ఇవి ఎవరో చంపితే చచ్చాయి. అవి నేను చూడకపోతే చస్తాయి. రెండూ ఒకటి కాదు.”

ఆవిడకి రొయ్యల పెంపకమంటే చూడటమే. నెల్లాళ్లలో చెయ్యి తొట్టిలో పెట్టింది నాలుగైదు సార్లకి మించదు. పెట్టేముందు మోచేతుల దాకా కడుక్కునేవారు, సబ్బు లేకుండా, ఉత్త నీళ్లతో. రోజు విడిచి రోజు ఉడికించిన పాలకూర ఆకు ఒకటి వేసి, రెండు గంటలయ్యాక మిగిలింది తీసేసేవారు. ఆకలికి చచ్చిన రొయ్యని తాను చూడలేదని, తిండి ఎక్కువై నీళ్లు పాడై చచ్చినవే అన్నీ అని చెప్పేవారు. అక్టోబరులో పార్కుకి వెళ్లి ఓక్ ఆకులు ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి, బిస్కెట్ల డబ్బాలో దాచుకునేవారు. ఆవిరైపోయిన నీళ్ల బదులు కొత్త నీళ్లు కలపడానికి సెలైన్ గొట్టం వాడేవారు. క్యాన్‌ని బీరువా మీద పెట్టి, గొట్టానికుండే చిన్న చక్రం తిప్పి, చుక్కలు సరిచేసి కూర్చునేవారు. ఆ నీళ్లు కూడా రెండు రోజులు ముందే పట్టి, క్లోరిన్ పోయే మందు వేసి, ఇంటి వేడికి వచ్చాక వాడినవే. కప్పు నీళ్లు కలవడానికి అరగంట పట్టేది. ఒకేసారి పోస్తే ఏమవుతుందంటే, నీళ్లు మారిన సంగతి వాటికి తెలియకూడదు అనేవారు.

‘ఏం కాదులే’ అన్న మాట ఆవిడ ముందు అనకూడదు. కాదని నీకెలా తెలుసు, చూశావా అని అడిగేవారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవడానికి.

ఒకసారి తొట్టి అడుగున తెల్లగా, బోలుగా పడున్న రొయ్యని చూసి చచ్చిపోయిందని గాభరా పడ్డాను. ఆవిడ చెంచాతో దాన్ని తీసి నా అరచేతిలో పెట్టారు. కాళ్లు, మీసాలు, కళ్ల గుంటలతో సహా ఉంది గానీ లోపల ఏమీ లేదు. అది పాత పెంకు. రొయ్య పెరగాలంటే దాన్ని విప్పేయాలట. కొత్తది గట్టిపడేదాకా ఒళ్లంతా మెత్తగా ఉంటుంది కాబట్టి ఏ నాచులోనో దాక్కునుంటుంది, ఆ సమయంలో దాని జోలికి పోకూడదని చెప్పారు.

ఇలా ఏడాదిన్నర గడిచాక, ఒక డిసెంబరులో ఎడిసన్‌లో మేనల్లుడి కూతురి పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. పదహారు రోజులు. తొట్టి నాకు అప్పగించారు. క్లోరిన్ విరిచిన నీళ్లు ఐదు క్యాన్లలో పెట్టి, పాలకూర ముక్కలు ఫ్రీజర్‌లో పెట్టి, రోజూ సాయంత్రం పది నిమిషాలు కూర్చుని చూడమని, ఇంకేమీ చేయొద్దని చెప్పి వెళ్లారు. అప్పటికి అరవై పైనే ఉన్నాయి రొయ్యలు. రెండు ఆడవి కడుపు కింద గుడ్లు మోస్తూ, చిన్నకాళ్లతో వాటికి నీళ్లు విసురుతూ తిరుగుతున్నాయి.

మొదటి వారం బుద్ధిగా చేశాను. రెండో వారం ఆఫీసులో ఒక సీటు మోటారు టెస్టు ఫెయిలైంది. పొద్దున పోయి చీకటి పడ్డాక వచ్చేదాన్ని. నాలుగు రోజులు ఎదురింటి తలుపే తీయలేదు. ఐదో రోజు మధ్యాహ్నం మీటింగు ఇంటి నుంచే అని వచ్చినప్పుడు తలుపు తీసి చూస్తే, నీళ్లు బాగా తగ్గిపోయి స్పాంజి పైకి తేలి గరగరమంటోంది. పదిహేను నిమిషాల్లో మీటింగు. సెలైన్ గొట్టం పెట్టి చుక్కలు లెక్కపెట్టే ఓపిక లేదు. క్యాన్ల మూతలు తీసి ఒక్కొక్కటే పోయడం కూడా పెద్ద పనిలా అనిపించింది. స్నానాలగదిలో బకెట్ కనిపించింది. పట్టాను, పోశాను. ఏం కాదులే అనుకున్నాను.

మర్నాడు సాయంత్రానికి తొట్టి అడుగు ఎర్రగా ఉంది. చిన్న వల పెట్టి ఒక్కొక్కటే తీశాను. ప్రాణంతో మిగిలినవి పదకొండు.

ఆవిడకి ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. తిరిగొచ్చిన రోజు, ఏమైందో తెలియదని, నేను అన్నీ మీరు చెప్పినట్టే చేశానని, ఒక్కసారిగా పోయాయని చెప్పాను. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది. ఆవిడ కోటు కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత లేచి, నేను భోంచేశానా అని అడిగారు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ కారణం వెతకడం మొదలుపెట్టారు. ముందు పాలకూర మీద అనుమానం వచ్చింది, ఏదైనా పురుగుమందు ఉందేమోనని. ఫ్రీజర్‌లో ఉన్నదంతా పారేశారు. తర్వాత ఆకుల మీద. ఆ అక్టోబరులో వంగి వంగి ఏరుకొచ్చిన ఓక్ ఆకుల డబ్బా మొత్తం చెత్తలో పోశారు. కొత్తగా వేసిన కొమ్మ తీసేశారు. నాచు సగం పీకేశారు. నీళ్లని రకరకాల కాగితాలతో పరీక్ష చేసి రంగులు చూసేవారు. ప్రతి సాయంత్రం వచ్చి ఈరోజు ఏం అనుమానం వచ్చిందో నాకు చెప్పేవారు. నేను తలూపేదాన్ని. మిగిలిన పదకొండు, ఈ మార్పులన్నిటికీ బెదిరి ఒక మూల నక్కి ఉండేవి. మూడు వారాలు ఇలా సాగింది. ఒకరోజు స్పాంజి ఫిల్టర్ తీసి చేతిలో పట్టుకుని, ఆరేళ్లుగా నడుస్తోంది, ఇదొక్కటే మిగిలింది, మార్చేయాలేమో అన్నారు.

ఇక నా వల్ల కాలేదు. “దాన్ని పారెయ్యకుండ్రి డాక్టరమ్మా” అన్నాను. “నేనే పోసిన. బకెట్ల నల్లా నీళ్లు పట్టి పోసిన.”

ఆవిడ స్పాంజిని మళ్లీ నీళ్లలో పెట్టారు. చేతులు తుడుచుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

“వరసగా చెప్పు” అన్నారు. “ఏ రోజు, ఎన్నింటికి, ఎంత నీళ్లు, చన్నీళ్లా వేణ్ణీళ్లా. ఎందుకు చేశావో అక్కర్లేదు. ఏం చేశావో చెప్పు.”

చెప్పాను. బకెట్ ఎంతవరకు నింపానో కూడా అడిగారు. అంతా విన్నాక పెద్దగా ఊపిరి వదిలి, “అదా” అన్నారు. ముఖంలో కోపం కనిపించలేదు. కోపం ఉంటే తేలిగ్గా ఉండేది. కరెంటు ఎందుకు పోయిందో తెలిశాక కుదుటపడ్డట్టు, అంత మామూలుగా ఉన్నారు.

నాలుగు క్యాన్లు నిండుగా కనిపిస్తున్నా మీకు అనుమానం రాలేదా అని అడిగాను.

“చూశాను” అన్నారు. “కానీ నువ్వు చెప్పిందే నమ్మాను. ఆపరేషన్ గదిలో పక్కనున్న మనిషి ఈ మందు ఇచ్చానంటే, ఇచ్చారనే నేను తర్వాతి పని చేస్తాను. నమ్మకపోతే అక్కడ పని సాగదమ్మా.” తొట్టి వైపు చూపించి అన్నారు. “పోయినవి నీ బకెట్‌తోనే పోయాయి, అది అయిపోయింది. ఈ మూడు వారాలూ మిగిలినవాటిని నేను పీక్కుతిన్నాను చూడు, అది నువ్వు చెప్పకపోవడం వల్ల.”

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. లేచి వెళ్లి టీ పెట్టారు. టీ ఇస్తూ, తానూ ఒకసారి ఒక తప్పుని ఐదు నిమిషాలు ఆలస్యంగా చెప్పానని మాత్రం అన్నారు. ఆ ఐదు నిమిషాలు ఎక్కడివో, ఎవరివో ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత కూడా తన ఇంటి తాళం చెవి నా దగ్గరే ఉంచారు. పదకొండింటిలో ఐదు ఆడవి. వేసవికి తొట్టి మళ్లీ నిండింది. నీళ్లు కలిపేటప్పుడు నన్ను పిలిచి సెలైన్ గొట్టం చక్రం నా చేతే తిప్పించేవారు.

ఆవిడ ఎడిసన్‌లోనే పోయారు. ఆఖరి రెండు నెలలు మేనల్లుడి దగ్గర ఉన్నారు. వెళ్లేముందు తొట్టి నా హాల్లోకి మార్పించారు. ఫోన్ చేసినప్పుడల్లా ఎన్ని ఉన్నాయి అని కాకుండా, ఎలా ఉన్నాయి అని అడిగేవారు. ఏదైనా చచ్చిపోతే నేను హలో అనకముందే చెప్పేదాన్ని.

కానీ ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఫోన్లు కాదు, అంతకు ముందు ఫిబ్రవరిలో ఒక శుక్రవారం.

గాల్‌బ్లాడర్‌లో రాళ్లున్నాయని, తీసేయాలని చెప్పారట. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి ఇంటికి రావచ్చు. ఆవిడ నా గుమ్మంలో నిలబడి, శుక్రవారం సెలవు దొరుకుతుందా అని అడిగారు. మత్తు ఇచ్చినవాళ్లని ఒంటరిగా పంపరని, తెలిసిన మనిషి ఒకరు వచ్చి తీసుకెళ్లాలని, ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోతామన్నవాళ్లని ఈ రూలు చెప్పి తానే ఎంతమందిని ఆపానో లెక్కలేదని చెప్పారు. మేనల్లుడికి ఎందుకు చెప్పలేదంటే, వాణ్ణి విమానం ఎక్కించేంత పని కాదన్నారు.

ఆసుపత్రిలో గౌను వేసుకుని, కళ్లద్దాలు తీసి నాకిచ్చాక, ఆవిడ ఎంత చిన్నమనిషో మొదటిసారి చూశాను. మత్తు ఇచ్చే డాక్టరు వచ్చింది. ముప్పై దాటి ఉండదు, తల మీద పువ్వుల టోపీ. మందులు పడకపోవడం గురించి, కదిలే పళ్ల గురించి ఇంగ్లీషులో అడగబోయింది. అడిగేలోపే ఆవిడ ఒకదాని తర్వాత ఒకటి జవాబులు చెప్పేస్తున్నారు. ఆ అమ్మాయి నవ్వి, ఇంతకుముందు చాలాసార్లు మత్తు తీసుకున్నారా అంది. లేదు, ఒక్కసారి కూడా లేదు, ఈ ప్రశ్నలు ముప్పై ఆరేళ్లు నేనడిగాను అన్నారు ఆవిడ. ఆ అమ్మాయి చేతిలో కాగితాలు పక్కన పెట్టేసింది.

అప్పుడు ఆవిడ ఒకే ఒక్కటి అడిగారు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మీరు గదిలో ఉంటారా అని. ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. తాను రెండు గదులు చూసుకోవాలని, తాను లేనప్పుడు అనుభవమున్న నర్సు ఒకామె ఉంటుందని. ఆవిడ అలాగే అన్నారు. కానీ మంచం పక్క కడ్డీని పట్టుకున్న చెయ్యి వదల్లేదు. ఆ అమ్మాయి ఆ చేతిని చూసింది. ఇప్పుడే వస్తానని వెళ్లింది.

“భయమేస్తోందమ్మా” అన్నారు ఆవిడ నాతో. “ఇన్నేళ్లూ అందరికీ ఏమీ భయం లేదని చెప్పాను. విని తలూపేవాళ్లు. వాళ్లకి లోపల ఇలా ఉండేదన్నమాట.”

ఏం కాదులే అని నోటిదాకా వచ్చింది. అనలేదు. కడ్డీ మీద ఆవిడ చేతి పక్కన నా చెయ్యి పెట్టాను. ఆ అమ్మాయి తిరిగొచ్చి, రెండో గదికి ఇంకో డాక్టరుని ఒప్పించానని చెప్పి, మంచం తానే తోసుకుంటూ తీసుకెళ్లింది.

గంటన్నర పట్టింది. ముందు సర్జన్ వచ్చి బాగా జరిగిందని చెప్పి వెళ్లిపోయారు. కాసేపటికి ఆ అమ్మాయి కూడా వచ్చింది. లేవగానే ఆవిడ అడుగుతారు, తాను స్టూలు మీంచి లేవలేదని చెప్పమంది.

మెలకువ వచ్చాక ఆవిడ చాలాసేపు పైకప్పు చూస్తూ ఉండిపోయారు. నేను కళ్లద్దాలు పెట్టి, ఆ మాట చెప్పాను.

“నువ్వు అడిగావా, ఆ పిల్లే చెప్పిందా?” గొంతు బొంగురుగా ఉంది.

“నేనడగలే. ఆమెనే వచ్చి చెప్పింది.”

“అయితే నిజమే” అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మధ్యాహ్నం మూడింటికి వదిలారు. బయట సన్నగా మంచు పడుతోంది. చక్రాల కుర్చీలోంచి కారు సీట్లోకి ఎక్కించి, బెల్టు కుట్ల మీద ఒరుసుకోకుండా మధ్యలో చిన్న దిండు పెట్టాను. రెండో సిగ్నల్ దాటకముందే నిద్రపోయారు. తల కిటికీ వైపు వాలింది. నేను ముప్పై మైళ్ల వేగం దాటలేదు. వెనకవాళ్లు హారన్ కొట్టి పక్కనుంచి వెళ్లిపోయారు.

మా పార్కింగ్‌లో ఆపాక లేపుదామని చెయ్యి చాపి, ఆగిపోయాను. ఇంజన్ ఆపలేదు, హీటర్ తగ్గించాను. అద్దాల మీద మంచు పేరుకుంటూ ఉంటే వైపర్లు ఒకసారి వేసి ఆపాను. ఆవిడ శాలువా పైకి లేస్తోంది, దిగుతోంది. ఒకసారి కాస్త ఎక్కువసేపు ఆగినట్టనిపించి ముందుకు వంగి చూశాను. మళ్లీ లేచింది. నా ఫోన్ రెండుసార్లు మోగి ఊరుకుంది. నేను తియ్యలేదు.

ఆవిడ కళ్లు తెరిచి, ఎదురుగా మా మెట్లని గుర్తుపట్టారు. ఎప్పుడొచ్చామని అడిగారు. నలభై నిమిషాలైందని చెప్పాను.

“లేపొచ్చుగా” అన్నారు.

“మంచిగ నిద్రపోయిన్రు డాక్టరమ్మా. చూసుకుంట కూసున్న.”

ఆవిడ నా వైపు తిరిగి కాసేపు చూశారు. తర్వాత తానే బెల్టు విప్పుకుని చెయ్యి చాపారు. నేను అటువైపు తిరిగొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం మంచులో ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ మెట్ల దాకా నడిచాం.